తొమ్మిది రోజుల్లో ఆఫీసు ఐపీలన్నీ మార్చమన్నారు, ఏం చేయాలి?

కర్నూలు నుంచి ఒక పాఠకుడు రాశారు. పేరూ, కంపెనీ పేరూ బయటపెట్టవద్దన్నారు. వయసు 29. పత్తి వ్యాపారం చేసే కంపెనీలో కంప్యూటర్ల పని మొత్తం చూసేది ఆయనొక్కరే. హెడ్డాఫీసు కర్నూల్లో బళ్లారి చౌరస్తాకు దగ్గర్లో ఉంది. అక్కడ కంప్యూటర్లు, ప్రింటర్లు, కెమెరాలు, హాజరు మిషన్లు కలిపి 130 దాకా ఉంటాయి. నిరుడు యజమాని ఆదోనిలో ఒక జిన్నింగ్ మిల్లు కొన్నారు. అక్కడ ఇంకో 30.

చిక్కు ఇలా వచ్చింది. హెడ్డాఫీసులో ఇంటర్నెట్ లైను మాటిమాటికీ ఆగిపోతోందని యజమాని విసిగిపోయి, రద్దు చేయమని ఉత్తరం ఇచ్చేశారు. ఈ నెల 30, ఆదివారం రాత్రితో ఆ లైను ఆఖరు. దాంతోపాటు వచ్చిన స్టాటిక్ ఐపీ, అంటే ఇంటర్నెట్‌లో ఆఫీసుకున్న మారని నెంబరు, కూడా పోతుంది. కొత్త లైను 24న వేస్తామన్నారు. ఇంతలో కొత్త ఫైర్‌వాల్ (నెట్‌వర్క్‌కు కాపలా కాసే పరికరం) పెట్టడానికి హైదరాబాద్ నుంచి వచ్చిన వెండర్ ఇంకో సంగతి తెచ్చాడు. ఆఫీసులోనూ మిల్లులోనూ లోపలి మిషన్లకు 192.168.1తో మొదలయ్యే ఐపీ నెంబర్లే ఉన్నాయట. రెంటినీ వీపీఎన్‌తో (ఇంటర్నెట్ మీదుగా వేసే సొంత రహస్య దారితో) కలపాలంటే లోపలి నెంబర్లు మార్చాల్సిందేనట, ఎలాగూ లైను మారుతోంది కాబట్టి అదే రాత్రి అన్నీ మార్చేద్దామని అన్నాడట. యజమాని సరేనన్నారు. 21వ తేదీ శుక్రవారం పొద్దున ఈయన్ని పిలిచి, "ఆదివారం రాత్రి మొదలుపెట్టు, సోమవారం ఆఫీసు తెరిచేసరికి అంతా నడస్తా ఉండాల" అని చెప్పారు.

ఉత్తరంలో చివరి పేరా ఆయన మాటల్లోనే ఇస్తున్నాను. "నాకంటే ముందున్నాయన ఒక్క కాగితం రాసిపెట్టి పోలేదు మేడమ్. ఏ మిషన్‌కి ఏ ఐపీ ఉందో నాకే సరిగా తెలీదు. మిల్లులో కాటా కంప్యూటర్ ఇక్కడి సర్వర్‌తో మాట్లాడేది కూడా ఆ పాత ఐపీతోనే. యజమాని మా మేనమామకు స్నేహితుడు. ఆఫీసులో సార్ అంటాను, ఇంటికెళ్తే మామా అంటాను. ఆయన మాటకు ఎదురు చెప్పలేను. టైం అడిగితే చేతకాదనుకుని నా పని ఆ వెండర్‌కే ఇచ్చేస్తారేమోనని టెన్షన్‌గా ఉంది. పైగా అదే ఆదివారం నందికొట్కూరులో మా చెల్లెలి నిశ్చితార్థం. నాన్న లేరు. తాంబూలాలు ఇచ్చి పుచ్చుకోవాల్సింది నేనే. ఈ మాట ఆఫీసులో ఇంకా చెప్పలేదు."

తమ్ముడూ, మీ ఉత్తరం చూసిన రాత్రే రెండు పనులు మాత్రం చెప్పి చిన్న జవాబు పంపాను. ఒకటి, కొత్త లైను వాళ్లను అడిగి కొత్త ఐపీ నెంబరు ముందుగానే తీసుకుని బ్యాంకుకు ఉత్తరం పెట్టించడం. రెండోది, డీహెచ్‌సీపీ (మిషన్లకు ఐపీలు దానంతటదే పంచే ఏర్పాటు) లీజు గడువు తగ్గించడం. ఆ రెండూ ఎందుకో, మిగతా సంగతులేమిటో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. ఈ పని మీకు కష్టంగా తోస్తోందంటే అది మీ చేతకానితనం కాదు. నెట్‌వర్క్ నెంబర్లు మార్చడం ఎంత తలనొప్పో చెబుతూ, దీన్ని సులువు చేసే మార్గాలు వెతకాలని ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఇంజినీర్లే 1996లో ఒక పత్రం విడుదల చేశారు. 14 ఏళ్ల తర్వాత, 2010లో, ఈ పని ఇంకా సులువు కాలేదని మరో పత్రం రాశారు. ఆ రంగాన్ని కట్టినవాళ్లే అలా అన్నప్పుడు, ఒక్కడిగా 160 పరికరాలు చూసే మీకు భయం వేయడం సహజం.

ఇప్పుడు ముడి విప్పుదాం. మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మీరు ఒకటే పని అనుకుంటున్నది నిజానికి రెండు పనులు. బయటి ఐపీ మారడం ఒకటి, లోపలి నెంబర్లు మారడం ఒకటి. 30వ తేదీ అనే గడువు మొదటిదానికి మాత్రమే ఉంది. రెండోదానికి ఆ గడువు ఎవరూ పెట్టలేదు, వెండర్ తన సౌకర్యం కోసం అంటించాడంతే. మిల్లుకూ ఆఫీసుకూ మధ్య ఈరోజు వీపీఎన్ లేదు. డిసెంబర్ 1న కూడా లేకపోతే ఏ లారీ ఆగదు. కానీ కాటా కంప్యూటర్ సర్వర్‌తో మాట్లాడలేకపోతే సోమవారం పొద్దున్నే మిల్లు గేటు ముందు పత్తి బండ్లు వరుసకడతాయి. మీరు నిద్ర మానుకుని చూసుకోవాల్సింది ఈ కాటా సంగతిని, అంటే బయటి ఐపీని.

బయటి ఐపీ సంగతి ముందు. మీ యజమానికి ఇది ఇలా చెప్పండి: మొబైల్ నెంబరుకు 2011 జనవరి నుంచి దేశమంతటా పోర్టబిలిటీ ఉంది, కంపెనీ మారినా నెంబరు మనదే. స్టాటిక్ ఐపీ అలా కాదు. అది లైను ఇచ్చినవాళ్ల సొత్తు, మనం అద్దెకు ఉంటున్నాం. ఇల్లు ఖాళీ చేస్తే డోర్ నెంబరు వెంట రాదు కదా, అలాగే. కాబట్టి ఆ పాత డోర్ నెంబరు ఎవరెవరి దగ్గర రాసి ఉందో వెతికి, ప్రతి ఒక్కరికీ కొత్తది చెప్పిరావాలి. పని అంతా ఆ వెతుకులాటలోనే ఉంది. ఫైర్‌వాల్‌లో నెంబరు మార్చడానికి పది నిమిషాలు చాలు.

ఎక్కడెక్కడ వెతకాలి? మీలాంటి కంపెనీలో నాకు తోచినంతవరకు చెబుతాను. బ్యాంకుతో సాఫ్ట్‌వేర్ నేరుగా కలిపి జీతాలు, రైతుల చెల్లింపులు పంపుతుంటే, బ్యాంకు మీ ఐపీని మాత్రమే లోపలికి రానిస్తుంది. దాన్ని మార్చాలంటే కంపెనీ లెటర్‌హెడ్ మీద అధికారం ఉన్నవాళ్ల సంతకంతో ఉత్తరం కావాలి. అది బ్రాంచి నుంచి పైకి వెళ్లి రావడానికి రోజులు పడుతుంది, మన చేతుల్లో ఉండదు. అందుకే దాన్ని మొదటి పని అన్నాను. ఉత్తరంలో "మార్చండి" అని రాయకండి, "పాతది అలాగే ఉంచి కొత్తది కూడా చేర్చండి" అని రాయండి. ఈ ఒక్క మాటతో మీకు రెండు లైన్ల మీదా కొన్ని రోజులు వెసులుబాటు దొరుకుతుంది.

జీఎస్టీ సంగతి కూడా అంతే. మీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఈ-ఇన్‌వాయిస్, ఈ-వే బిల్లు పోర్టళ్లతో నేరుగా ఏపీఐ ద్వారా (మనిషి లాగిన్ కాకుండా సాఫ్ట్‌వేరే మాట్లాడుకునే దారిలో) కలిసి ఉంటే, అక్కడ మీ ఐపీ నమోదై ఉంటుంది. మధ్యలో ఒక సర్వీస్ ప్రొవైడర్ ఉంటే వాళ్లకు ఒక మెయిల్ పెట్టి కనుక్కోండి. 50 వేల రూపాయలు దాటిన సరుకుకు ఈ-వే బిల్లు కావాలి. బేళ్ల లారీ ఏదీ ఆ లెక్కకు లోపల ఉండదు. ఒకవేళ సోమవారం ఏపీఐ పనిచేయకపోతే కంగారు పడకండి. పోర్టల్‌లోకి బ్రౌజర్‌తో లాగిన్ అయి, ఫోన్ హాట్‌స్పాట్ మీద కూడా బిల్లు తీయవచ్చు. ఆ లాగిన్, పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉన్నాయో శనివారానికే కనుక్కుని, ఒకసారి లోపలికి వెళ్లి చూసి రండి. ఆరోజు పొద్దున ఓటీపీ వెళ్లే ఫోను ఉద్యోగం మానేసిన అకౌంటెంట్ దగ్గర ఉందని తేలితే చేసేదేమీ ఉండదు.

ఇక కాటా కంప్యూటర్. ఇక్కడ ఒక చిన్న ఉపాయం ఉంది. ఆ కంప్యూటర్‌లో పాత ఐపీ అంకెలతో రాసి ఉందన్నారు. కంపెనీకి వెబ్‌సైట్ డొమైన్ ఎలాగూ ఉంటుంది. దాని డీఎన్‌ఎస్‌లో (ఏ పేరుకు ఏ ఐపీయో చెప్పే పట్టికలో) సర్వర్ కోసం ఒక పేరు సృష్టించి, ఇప్పటికి పాత ఐపీకే చూపించండి. కాటా కంప్యూటర్‌లో అంకెలు తీసేసి ఆ పేరు పెట్టండి. ఈ పని వచ్చే మంగళవారమే చేయవచ్చు, ఎవరికీ తేడా తెలియదు. మార్పు రోజు మీరు ఆదోని వెళ్లనవసరం లేదు, డీఎన్‌ఎస్‌లో ఒక్క చోట నెంబరు మారిస్తే చాలు. అయితే ఆ పేరుకు టీటీఎల్ అని ఒక గడువు ఉంటుంది, అంటే అవతలివాళ్లు పాత జవాబును ఎంతసేపు గుర్తుపెట్టుకోవచ్చో చెప్పేది. చాలాచోట్ల అది 86,400 సెకన్లు, అంటే ఒక రోజు ఉంటుంది. దాన్ని 300కు తగ్గించండి, ఐదు నిమిషాలు. పాత పేర్లకు కూడా తగ్గించేట్టయితే మార్పుకు కనీసం ఒక రోజు ముందే తగ్గించాలి. అప్పటికే పాత జవాబు పట్టుకున్నవాళ్లు ఒక రోజంతా దాన్ని వదలరు.

ఇంకో మాట, మార్పుకు సంబంధం లేకపోయినా చెప్పక తప్పదు. సర్వర్ పోర్టును, అంటే దానిలోకి వెళ్లే తలుపును, ఇంటర్నెట్ మీదకు తెరిచి ఉంచడం మంచిది కాదు. ఆ వెండర్ వీపీఎన్ కావాలన్నది ఆ మేరకు సరైన సలహానే. అది వచ్చేదాకా ఫైర్‌వాల్‌లో ఆ పోర్టుకు మిల్లు ఐపీ నుంచి మాత్రమే దారి ఇవ్వండి. మిల్లుకు స్టాటిక్ ఐపీ లేకపోతే ఒకటి తీసుకోవడం మేలు.

కొత్త లైను 24న వస్తే మీకు ఆరు రోజులు రెండు లైన్లూ పక్కపక్కన ఉంటాయి. ఈ ఆరు రోజులే మీకు బలం. కొత్తది ఫైర్‌వాల్‌లో రెండో లైనుగా పెట్టండి, పాతది అలాగే నడవనివ్వండి. పరీక్షలు ఆఫీసు లోపల కూర్చుని చేయకండి. లోపలి నుంచి చూస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి. ఫోన్‌లో వైఫై ఆపి, మొబైల్ డేటా మీద కొత్త ఐపీకి వచ్చి చూడండి. యజమాని తన ఫోన్‌లో కెమెరాలు చూస్తుంటారనుకుంటాను, అది కూడా ఆ రోజే మార్చి చూపించండి. అన్నిటికంటే ముందు ఆయనకు తెలిసేది అదే. 27, గురువారం రాత్రికి అంతా కొత్త లైను మీదకు తెచ్చేస్తే, శుక్ర, శని వారాల్లో పాత లైను మీదకు ఇంకా ఎవరు వస్తున్నారో ఫైర్‌వాల్ లాగ్‌లో కనిపిస్తుంది. వాళ్లలో మీకు సంబంధించినవాళ్లు ఎవరు కనిపించినా, మీరు మర్చిపోయినవాళ్లే.

ఇక్కడ మీకు రెండు దారులున్నాయి. 30న పాత లైను పోనివ్వడం ఒకటి. కొత్త లైను నిజంగా 24న వచ్చి, బ్యాంకు జవాబు కూడా అందితే ఇది చాలు. రెండోది, పాత లైను రద్దును ఒక నెల వాయిదా వేయమని యజమానితో ఇంకో ఉత్తరం ఇప్పించడం. ఒక నెల అద్దె దండగ అవుతుంది. కానీ లైను వేసేవాళ్లు 24 అన్నారంటే అది 28 కావచ్చు, రోడ్డు తవ్వే అనుమతి ఆగితే ఇంకా ఆలస్యం కావచ్చు. అప్పుడు 30 రాత్రి మీ చేతిలో ఏ లైనూ ఉండదు. నేనైతే రెండోదే అడుగుతాను. "నెల అద్దె ఎంత, ఒక్క రోజు కాటా ఆగితే ఎంత" అని రెండు అంకెలు కాగితం మీద పక్కపక్కన రాసి ఆయన ముందు పెట్టండి. వ్యాపారం చేసేవాళ్లకు అంతకంటే వివరం అక్కర్లేదు.

ఇక లోపలి నెంబర్లు. వెండర్ చెప్పిన కారణం నిజమే. కర్నూల్లో ఒక గాంధీనగర్, ఆదోనిలో ఒక గాంధీనగర్, రెండింట్లోనూ అవే డోర్ నెంబర్లు ఉన్నాయనుకోండి. కర్నూలు గాంధీనగర్‌లో ఉన్నాయన "గాంధీనగర్, 20వ నెంబరు" అని కవరు రాస్తే పోస్ట్‌మన్ పక్క వీధిలోనే ఇస్తాడు, ఆదోని బస్సు ఎక్కించడు. మీ ఆఫీసు కంప్యూటర్ 192.168.1.20ని వెతికేటప్పుడు అది తన పక్కనే ఉందనుకుంటుంది, రౌటర్ దాకా వెళ్లనే వెళ్లదు. అందుకే కలవవు. కానీ ఈ ఉదాహరణలోనే ఇంకోటి కనిపించాలి. ఒక్క ఊళ్లో వీధి పేరు మారిస్తే చాలు, రెండూ మార్చనవసరం లేదు. 130 పరికరాలున్న హెడ్డాఫీసును కదపకుండా, 30 ఉన్న మిల్లును మారిస్తే చిక్కు తీరిపోతుంది. ఈ మాట వెండర్ మీకు చెప్పినట్టు లేదు.

వెండర్ దారిలోనే వెళ్తే ఏమవుతుందో లెక్క వేద్దాం. 160లో సగం డీహెచ్‌సీపీతో వాటంతట అవే మారాయనుకుందాం. మిగిలిన 80కి ఒక్కోదానికి పది నిమిషాలు వేసుకున్నా 800 నిమిషాలు, 13 గంటలు దాటుతుంది. రాత్రి 9కి మొదలుపెడితే సోమవారం పది దాటాక అవుతుంది, అదీ అన్నీ మొదటిసారే సరిగా పనిచేస్తే. రెండు ఊళ్ల మధ్య ప్రయాణం ఇందులో కలపలేదు. అంతకంటే పెద్ద ఇబ్బంది ఏమిటంటే, ఒకే రాత్రి లైను, ఫైర్‌వాల్, లోపలి నెంబర్లు మూడూ మారితే, పొద్దున ఏది పనిచేయకపోయినా తప్పు మూడింట్లో ఎక్కడుందో తెలియదు.

రెండో దారి, మిల్లు ఒక్కటే మార్చడం. సీజన్ నడుస్తోంది కాబట్టి మిల్లును ఒక్కసారిగా ఆపలేరు, ఆపనవసరం కూడా లేదు. మిల్లు రౌటర్‌లో లోపలి వైపు పాత నెంబరుతోపాటు రెండో నెంబరు కూడా పెట్టవచ్చు, ఉదాహరణకు 10.30.1.1. అప్పుడు ఒకే తీగ మీద రెండు వీధులూ ఉంటాయి. ఈరోజు ఒక ప్రింటరు, రేపు రెండు కెమెరాలు, అలా ఒక్కొక్కటి కొత్త వీధికి మార్చుకోవచ్చు. పాతవాటికీ కొత్తవాటికీ మధ్య మాటలు రౌటర్ గుండా వెళ్తాయి, దానికి రౌటర్‌లో అనుమతి ఇవ్వడం మర్చిపోవద్దు. డీహెచ్‌సీపీ మాత్రం రెండు వీధులకూ ఒకేసారి ఇవ్వకండి, ఏ కంప్యూటర్ ఎటు వెళ్తుందో మీ అదుపులో ఉండదు. ఇలా పది, పదిహేను రోజుల్లో మిల్లు మొత్తం అవుతుంది. ఇబ్బందల్లా మీరు వారానికి రెండుసార్లు ఆదోని వెళ్లాలి, ఆ ప్రయాణం ఖర్చు, ఆ రోజుల్లో హెడ్డాఫీసులో మీరు లేని లోటు.

మూడో దారి కూడా ఉంది. వీపీఎన్ అత్యవసరంగా కావాలని యజమాని పట్టుబడితే, నెంబర్లేవీ మార్చకుండా ఫైర్‌వాల్‌లో నాట్ పెట్టి, మిల్లును ఆఫీసుకు 10.30.1గా, ఆఫీసును మిల్లుకు 10.20.1గా చూపించవచ్చు. అంటే పోస్టాఫీసులో రెండు వీధులకూ మారుపేర్లు పెట్టడం. ఒక మధ్యాహ్నంలో అయిపోతుంది. కానీ ప్రతి పరికరానికీ రెండు నెంబర్లు తయారవుతాయి. ఆరు నెలల తర్వాత ఏదైనా ఆగిపోతే మీకే తల తిరుగుతుంది, మీ తర్వాత వచ్చేవాళ్లకైతే అంతే సంగతులు. ఇది ఎంచుకుంటే ఏ నెలలో తీసేస్తారో ఈరోజే కాగితం మీద రాసి యజమానితో సంతకం చేయించండి.

నాకు రెండో దారి నచ్చింది. హెడ్డాఫీసు కూడా ఎప్పటికైనా 192.168.1 నుంచి బయటపడాలి. చాలా ఇళ్లలో వైఫై రౌటర్లు ఆ నెంబర్లే వాడతాయి, మీ అకౌంటెంట్ ఇంటినుంచి వీపీఎన్‌లోకి వస్తే మళ్లీ ఇదే గొడవ. కానీ దానికి పత్తి సీజన్ తగ్గి, మార్చి 31 లెక్కలు ముగిశాక ఏప్రిల్, మే నెలలు ఉన్నాయి. 10తో మొదలయ్యే ప్రైవేటు నెంబర్లు కోటీ 67 లక్షల పైచిలుకు ఉన్నాయి, ఊరికొకటి చొప్పున పంచుకున్నా తరగవు. ఒక్కటి గుర్తుంచుకోండి: హడావిడిలో మార్చేటప్పుడు చివరి అంకె మార్చకండి. 192.168.1.57 ఉన్న ప్రింటరు 10.30.1.57 కావాలి. అందంగా సర్దాలన్న కోరిక తర్వాత తీర్చుకోవచ్చు. నడిరాత్రి కళ్లు మూతలు పడుతున్నప్పుడు కొత్త నెంబరు చూసుకోకుండానే చెప్పగలగాలి.

లీజు సంగతి చెబుతానన్నాను. డీహెచ్‌సీపీ ఇచ్చిన నెంబరును కంప్యూటర్ ఒక గడువు వరకు ఉంచుకుంటుంది. విండోస్ సర్వర్‌లో మామూలుగా అది 8 రోజులు. గడువులో సగం గడిచాక మళ్లీ అడుగుతుంది, అంటే నాలుగో రోజు. మీరు గడువును ఒక గంటకు తగ్గించినా, ఆ సంగతి దానికి తెలిసేది మళ్లీ అడిగినప్పుడే. అందుకే మొదటి రోజే తగ్గించమన్నాను. మిల్లులో మీరు మార్చే వారానికి కంప్యూటర్లన్నీ గంట గడువు మీదకు వచ్చి ఉంటాయి, రేంజి మార్చిన అరగంట, గంటలో చాలావరకు కొత్త నెంబరు తీసుకుంటాయి.

మిగిలింది మీరు అన్నిటికంటే ఎక్కువ భయపడ్డ సంగతి, జాబితా లేకపోవడం. దీని గురించి నా అనుభవం ఒకటి చెబుతాను. 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ ఒక్కటై కర్నూలు మీద పడ్డప్పుడు నేను పాతూర్లో ఒక ఆఫీసులో పనిచేసేదాన్ని. మా సర్వర్ గది కింది అంతస్తులో ఉండేది. నీళ్లు తీశాక బురదలోంచి మిషన్లు బయటికి తెచ్చాం. డేటా బ్యాకప్ వేరే ఊళ్లో భద్రంగానే ఉంది. కానీ ఏ సెక్షన్‌లో ఏ నెంబరుందో, ఏ బ్యాంకుకు ఏది ఇచ్చామో చెప్పే కాగితం ఒక్కటీ లేదు, అన్నీ ఆ మిషన్లలోనే ఉన్నాయి. స్టోర్స్ చూసే పెద్దాయన దగ్గర ఒక పొడుగు నోట్‌బుక్ దొరికింది. ఏ మిషన్ ఎప్పుడొచ్చినా దాని వెనక స్టిక్కర్ మీద ఏముంటే అది రాసుకునే అలవాటు ఆయనకు. తడిసి పేజీలు అతుక్కుపోయాయి. ఫ్యాను కింద పెట్టి, పోస్ట్‌కార్డు అంచుతో ఒక్కో పేజీ విడదీశాం. బంకమట్టి పొడిలా రాలేది. నీలిరంగు సిరా చెదిరినా అంకెలు తెలిశాయి. ఆ 40 పేజీలతో ఆఫీసు మళ్లీ నిలబెట్టాం. అప్పటినుంచి నేను ఎక్కడ పనిచేసినా జాబితా కాగితం మీద కూడా ఉంచుతాను, పై అంతస్తులో.

మీది రెండు రోజుల్లో తయారవుతుంది. ఫైర్‌వాల్‌లో ఏఆర్‌పీ పట్టిక (ఏ ఐపీ ఏ మిషన్‌దో చూపేది), డీహెచ్‌సీపీ లీజుల జాబితా తీసుకోండి. పగలొకసారి, రాత్రొకసారి తీయండి, షిఫ్టులో మాత్రమే వెలిగేవి ఒక్కసారికి దొరకవు. మ్యాక్ అడ్రస్‌లో (తయారీలోనే మిషన్‌కు ఇచ్చే నెంబరులో) మొదటి ఆరు అక్షరాలను బట్టి ఏ కంపెనీ తయారీయో తెలుస్తుంది, కెమెరానో ప్రింటరో పోల్చుకోవచ్చు. ఆ తర్వాత కాళ్లకు పని చెప్పాలి. ప్రతి గదిలోకీ వెళ్లి, నెంబరు రాసిన స్టిక్కర్ అంటించి, ఫోన్‌తో ఫోటో తీయండి. వెళ్లినప్పుడే ప్రతిదాని పాస్‌వర్డ్ పనిచేస్తుందో లేదో చూడండి. రాత్రిపూట ఆగిపోయేది ఇక్కడే. పాస్‌వర్డ్ తెలియని హాజరు మిషన్‌ను రీసెట్ చేస్తే నెట్‌వర్క్ సెట్టింగ్‌లతోపాటు వేలిముద్రలు కూడా పోవచ్చు, అప్పుడు మిల్లు కూలీలందరినీ మళ్లీ వరుసలో నిలబెట్టాలి. ముందుగా బ్యాకప్ తీసుకోండి. ఆ మిషన్ నెంబరు రెండు చోట్ల ఉంటుందని కూడా మర్చిపోవద్దు, మిషన్‌లో ఒకసారి, హాజరు సాఫ్ట్‌వేర్‌లో ఒకసారి. ప్రింటర్లదీ అదే తీరు. ప్రింటరులో నెంబరు మార్చినా, దానికి ప్రింటు పంపే ప్రతి కంప్యూటర్‌లో పోర్టు పాత నెంబరునే పట్టుకుని ఉంటుంది.

మిల్లు రౌటర్‌ను కర్నూల్లో కూర్చుని మార్చకండి. మీరు ఏ నెంబరు గుండా లోపలికి వచ్చారో అదే మార్చేస్తే తలుపు మీ మొహం మీదే మూసుకుంటుంది. అక్కడికి వెళ్లి, ల్యాప్‌టాప్ కేబుల్‌తో కలిపి, పాత కాన్ఫిగరేషన్ పెన్‌డ్రైవ్‌లోకి తీసుకున్నాకే చేయి పెట్టండి. వెనక్కి వెళ్లే సమయం కూడా ముందే రాసుకోండి. ఫలానా గంటకు కాటా పనిచేయకపోతే పాత కాన్ఫిగరేషన్ తిరిగి ఎక్కించేయాలి, అప్పుడిక ఇంకో పది నిమిషాలు చూద్దాం అనకూడదు. కాటా దగ్గర చేతిరాత చీటీ పుస్తకం ఒకటి సిద్ధంగా ఉంచమని మిల్లు మేనేజర్‌కు చెప్పండి. రైతు బండి తూకం రాసిస్తే ఆయన వెళ్లిపోతాడు, కంప్యూటర్‌లోకి తర్వాత ఎక్కించుకోవచ్చు.

ఇప్పుడు మీ మామ దగ్గరకు వద్దాం. ఆయన ఆఫీసులో సార్, ఇంట్లో మామ అన్నారు. ఈ మాట ఆఫీసులో, సార్‌గా ఉన్నప్పుడే చెప్పండి. "టైం కావాలి సార్" అని మొదలుపెడితే మీరు భయపడినట్టే అనుకోవచ్చు. "లైను మార్పు మీరు చెప్పిన తేదీకి మూడు రోజుల ముందే, 27కే చేస్తాను సార్. మిల్లు నెంబర్లు డిసెంబర్ 15 లోపల కాటా ఆపకుండా మారుస్తాను. హెడ్డాఫీసు ఏప్రిల్‌లో. ఇదిగో జాబితా" అనండి. ఆయన అడిగినదానికంటే ముందే ఇస్తున్నారు, అది నిజం కూడా. చెప్పేటప్పుడు చేతిలో ఆ జాబితా ఉండటం ముఖ్యం, సగమే నిండినా ఫరవాలేదు. అయినా ఆయన "లేదు, అన్నీ అదే రాత్రి" అంటే, ఏమేం ఆగిపోవచ్చో ఒక పేజీ రాసి ఇవ్వండి. వెండర్‌ను కూడా సోమవారం సాయంత్రం దాకా కర్నూల్లోనే ఉండమని రాతపూర్వకంగా అడగండి. ఆయన సలహా ఇచ్చాడు కాబట్టి ఆయన మనిషి ఒకరు ఆదోనిలో కూడా ఉండాలి. ఈ మాట విన్నాక ఆయన లెక్క మారినా ఆశ్చర్యపోను.

వెండర్ మీ ఉద్యోగం పట్టుకుపోతాడన్న భయం గురించి. ఆయనకు ఫైర్‌వాల్ మీకంటే బాగా తెలిసి ఉండవచ్చు. మిల్లులో మూడో కెమెరా వైరు ఏ గోడ వెంట పోతుందో ఆయనకు తెలియదు. ఆయన్ని దూరం పెట్టకండి. మీ ప్రణాళిక కాగితం ఆయనకే చూపించి తప్పులు పట్టమనండి. చూపిస్తే మీ పేరుతోనే ఉంటుంది, దాచుకుంటే అనుమానం మిగులుతుంది.

నిశ్చితార్థం సంగతి ఇంటికెళ్లి, మామా అని పిలిచే చోట చెప్పండి. మీ మేనమామకు స్నేహితుడైన మనిషిని ఆ శుభకార్యానికి పిలవకపోతేనే తప్పు. ఆయనకు తెలిసి ఉండి ఆ రోజు పని పెట్టారని నేననుకోను, తెలియదంతే. అమ్మగారిని వెంటబెట్టుకుని వెళ్లి, బొట్టు పెట్టించి పిలవండి. 27కే పని అయిపోతే 30న నందికొట్కూరులో మీరు చేయాల్సిన ఆఫీసు పని ఏదీ ఉండదు. ఆ రోజు పాత లైను ఆగినా ఆగకపోయినా తేడా ఉండదు.

ఒకటే సందేహం మిగిలింది, బ్యాంకు. 26, బుధవారం సాయంత్రానికి వాళ్ల నుంచి "చేర్చాం" అన్న జవాబు రాకపోతే, పాత లైను పొడిగింపు ఉత్తరం ఆ రాత్రే సంతకం చేయించండి, గురువారం దాకా ఆగవద్దు. అయిందో లేదో నాకు రెండు ముక్కలు రాయండి.